గడ్డకట్టడం రక్తంలో మొదలు కాదు

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: “రక్తం చిక్కబడిందంట, పలచబడడానికి బిళ్లలు రాశారు.” గుండెపోటు వచ్చినవారి గురించీ, పక్షవాతం వచ్చినవారి గురించీ, కాలు వాచి పిక్కలో గడ్డ ఉందని తేలినవారి గురించీ బంధువులు చెప్పుకునేది ఇదే. చాలాకాలంగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు డి.ఎం.ఎల్.టి. చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట వెనకున్న ఊహతో పేచీ ఉంది. రక్తం రోజురోజుకీ చిక్కబడుతూ వచ్చి, ఒక దశ దాటాక తనంతట తానే గడ్డ అయిపోతుందన్నది ఆ ఊహ. అదే నిజమైతే డెంగీ జ్వరంలో అందరికీ గడ్డలు కట్టాలి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా నాళాల్లోంచి బయటికి ఊరిపోవడంవల్ల డెంగీలో రక్తం అక్షరాలా చిక్కబడుతుంది, పి.సి.వి. (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరిగిందని మేమే రిపోర్టు రాసిస్తాం. అయినా వార్డులో డాక్టర్లు భయపడేది నెత్తురు కారుతుందేమోనని. చిక్కదనం ఒక సంగతి, గడ్డకట్టడం పూర్తిగా వేరే సంగతి.

గడ్డకట్టడమన్నది రక్తం తన లోపల మొదలుపెట్టుకునే పని కాదని, తాకకూడనిదాన్ని తాకినప్పుడే అది మొదలవుతుందని నా వాదన. ఆ తాకకూడని పదార్థం పేరు టిష్యూ ఫ్యాక్టర్. గడ్డకట్టించే పదార్థాలను ‘ఫ్యాక్టర్లు’ అని అంకెలతో పిలిచే మన పాఠ్యపుస్తకాల్లో దానికి మూడో ఫ్యాక్టరు అనే అంకె ఇచ్చి, పటంలో ఒక పక్కన, “బాహ్య మార్గం” అనే చిన్న కొమ్మ మీద కూర్చోబెట్టారు. అది పక్క కొమ్మ కాదు, మొదలు. ఈ ఒక్క సంగతి సరిగా పట్టుకుంటే గుండెపోటు, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి), క్యాన్సరు, హీమోఫీలియా (పుట్టుకతో రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు), చివరికి పాముకాటు కూడా వేరే తీరుగా అర్థమవుతాయి.

టిష్యూ ఫ్యాక్టర్ 263 అమైనో ఆమ్లాల గొలుసున్న ఒక ప్రోటీను. గడ్డకట్టించే మిగతా ప్రోటీన్లు ప్లాస్మాలో కరిగి తిరుగుతూ ఉంటే, ఇది మాత్రం కణపు పైపొరకు గుచ్చుకుని, పెద్ద భాగం బయటికీ చిన్న కొస లోపలికీ ఉండేలా నిలబడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రక్తనాళపు లోపలి పొర అయిన ఎండోథీలియం మీద ఇది కనబడదు. ఆ పొర దాటి నాళపు వెలుపలి గోడలోకి వెళితే, చర్మంలో చూస్తే, దట్టంగా ఉంటుంది. మెదడు, ఊపిరితిత్తులు, గుండె కండరం, గర్భాశయం, మాయ వంటి చోట్ల, అంటే నెత్తురు కారితే ప్రాణం మీదికి వచ్చే అవయవాల్లో, మరీ ఎక్కువగా ఉంటుంది. గడ్డివాముకీ అగ్గిపెట్టెకీ మధ్య గోడ కట్టి ఉంచినట్టు, రక్తానికీ దీనికీ మధ్య ఒక్క కణం మందం పొర అడ్డంగా ఉంటుంది.

వేలు తెగితే ఆ అడ్డు పోతుంది. రక్తంలో తిరిగే ఏడో ఫ్యాక్టరులో సుమారు 1 శాతం ఎప్పుడూ చురుకైన రూపంలోనే ఉంటుంది, కానీ ఒంటరిగా దానివల్ల అయ్యే పని దాదాపు ఏమీ లేదు. టిష్యూ ఫ్యాక్టర్‌తో జతకూడాక దాని శక్తి ఎన్నో వేల రెట్లు పెరుగుతుంది. ఆ జంట పదో ఫ్యాక్టరునూ, తొమ్మిదో ఫ్యాక్టరునూ లేపుతుంది. పదోది ఐదోదాన్ని తోడు చేసుకుని ప్రోత్రాంబిన్‌ను కొద్దిగా త్రాంబిన్‌గా మారుస్తుంది. ఆ కొద్దిపాటి త్రాంబిన్ ప్లేట్‌లెట్లనూ, ఐదు, ఎనిమిది, పదకొండో ఫ్యాక్టర్లనూ రెచ్చగొట్టి, తనను తాను పెద్ద ఎత్తున తయారు చేయించుకుని, ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ వలగా అల్లుతుంది. ఇంత తతంగానికీ మొదటి అడుగు ఒక కణం మీద పడింది. 1996లో జన్యువును తొలగించి చేసిన ప్రయోగాల్లో, టిష్యూ ఫ్యాక్టర్ బొత్తిగా లేని ఎలుక పిండాలు తల్లి కడుపులోనే, గర్భం సగంలో ఉండగానే చనిపోయాయి.

మరి ఇంత ముఖ్యమైనది పక్క కొమ్మ మీదికి ఎలా వెళ్లింది? 1905లో పాల్ మొరావిట్జ్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన సిద్ధాంతంలో ఇది ముందు వరుసలోనే ఉంది; దెబ్బతిన్న కణాల నుంచి వచ్చే పదార్థం, కాల్షియం కలిసి ప్రోత్రాంబిన్‌ను మారుస్తాయనీ, అది ఫైబ్రినోజెన్‌ను గడ్డ చేస్తుందనీ ఆయన చెప్పాడు. 1964లో ఒకపక్క మాక్‌ఫర్లేన్, మరోపక్క డేవీ, రాట్నాఫ్ ఒక ఫ్యాక్టరు మరొకదాన్ని వరుసగా లేపుతుందన్న జలపాతపు నమూనాను ప్రచురించారు. గొప్ప పనే అది. కానీ గాజు గొట్టంలో పోసిన రక్తం బయటి పదార్థమేదీ కలపకుండానే గడ్డకడుతుంది కాబట్టి, పన్నెండో ఫ్యాక్టరుతో మొదలయ్యే ఆ వరుసకు “అంతర్గత మార్గం” అని పేరు పడింది. లోపలిది అసలు, బయటిది కొసరు అన్న భావం విద్యార్థుల తలలో అప్పటినుంచి నాటుకుపోయింది.

ఆ పన్నెండో ఫ్యాక్టరుకు ఇప్పటికీ హేగ్‌మన్ ఫ్యాక్టరు అని పేరుంది. జాన్ హేగ్‌మన్ అమెరికాలో రైల్వే ఉద్యోగి. ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో అతని రక్తం గాజు గొట్టంలో ఎంతకీ గడ్డకట్టలేదు, కానీ అతనికి జీవితంలో ఎన్నడూ అతిగా నెత్తురు కారింది లేదు. ఆ విచిత్రాన్ని రాట్నాఫ్ 1955లో వివరించాడు. 1968లో హేగ్‌మన్ కటి ఎముక విరిగి మంచాన పడి, ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి చనిపోయాడు. “అంతర్గత మార్గం” మొదటి మెట్టే లేని మనిషి గడ్డవల్ల చనిపోయాడంటే ఆ మెట్టును మొదటిదని ఎలా అనగలం? ఏడో ఫ్యాక్టరు తీవ్రంగా లోపించినవారికి మాత్రం నిజంగానే రక్తస్రావాలు అవుతాయి. 1977లో ఓస్టెరుడ్, రాపపోర్ట్ టిష్యూ ఫ్యాక్టర్ జంట తొమ్మిదో ఫ్యాక్టరును కూడా లేపుతుందని చూపించడంతో రెండు మార్గాల మధ్య గోడ కూలిపోయింది. అయినా మా విద్యార్థుల గైడ్లలో ఆ గోడ ఇంకా చెక్కుచెదరలేదు. పరీక్షలో మార్కులు దానికే వస్తాయి గనక నేను కూడా దాన్నే బోర్డు మీద గీయాల్సి వస్తుంది, గీసి పక్కనే కొట్టేస్తాను.

గాజు గొట్టం తెలివి పనికిరాదని నేను అనడం లేదు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వానలు మొదలై పొలం పనులు ఊపందుకున్నాక రక్తపింజరి కాట్లు వస్తాయి. ఆ పాము విషంలో పదో ఫ్యాక్టరును నేరుగా లేపే ఎంజైము ఒకటి, ఐదో ఫ్యాక్టరును లేపేది ఒకటి ఉంటాయి. అంటే టిష్యూ ఫ్యాక్టర్ కాపలా కాసే గుమ్మాన్ని తప్పించుకుని అది నడిమింట్లోకి దిగుతుంది. ఒళ్లంతా ఫైబ్రినోజెన్ వృథాగా ఖర్చైపోయి, కాసేపటికి గడ్డకట్టడానికి రక్తంలో సరుకే మిగలదు. చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోటు నుంచి నెత్తురు ఊరుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పల్లెటూరి ఆసుపత్రిలో కూడా చేయగలిగే పరీక్ష ఉంది: శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం ఇంకా నీళ్లలా జారితే విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. ఆ గొట్టం గాజుదే ఎందుకు కావాలంటే, అక్కడ గడ్డను మొదలుపెట్టేది గాజు తగిలి లేచే పన్నెండో ఫ్యాక్టరే కాబట్టి. ప్లాస్టిక్ గొట్టంలో పోసినా, సబ్బు పొడితో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. హేగ్‌మన్ ఫ్యాక్టరు రోజువారీ కొలువు ఒంట్లో కాదు, ఆ గాజు గొట్టంలోనే అని పిల్లలతో అంటుంటాను. అన్నట్టు, ఇదే పాము విషాన్ని పలచగా చేసి, హీమోఫీలియా రోగుల గాయాల మీద పూసి రక్తం ఆపవచ్చని 1934లోనే రాసినవారిలో ఒకరు ఆ జలపాతపు మాక్‌ఫర్లేనే.

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను. పి.టి. (ప్రోత్రాంబిన్ టైమ్, అంటే ప్లాస్మా గడ్డకట్టడానికి పట్టే సమయం) పరీక్షలో మేము చేసేదల్లా రోగి ప్లాస్మాకు టిష్యూ ఫ్యాక్టర్‌ను చూపించడమే. నీలం మూత గొట్టంలో 3.2 శాతం సిట్రేటు ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు తీసుకుంటాం. గీత దాకా నిండకపోతే ఆ శాంపిల్ పనికిరాదు. తిప్పి వేరు చేసిన ప్లాస్మా 100 మైక్రోలీటర్లను 37 డిగ్రీల దగ్గర వేడి చేసి, 200 మైక్రోలీటర్ల త్రాంబోప్లాస్టిన్ ద్రవాన్ని పోసి స్టాప్‌వాచ్ నొక్కుతాం. ఆ తెల్లటి ద్రవంలో ఉన్నది టిష్యూ ఫ్యాక్టర్, కొవ్వు పదార్థాలు, కాల్షియం. దీపం కింద గొట్టాన్ని వంచి ఎత్తుతుంటే మొదట నీళ్లలాగే పారుతుంది. ఆరోగ్యవంతుడి ప్లాస్మా అయితే పన్నెండు పదమూడు సెకన్ల దగ్గర ఒక సన్నటి పోగు కనబడుతుంది, మరుక్షణంలో మొత్తం పారడం ఆగిపోతుంది. ఇప్పుడు యంత్రాలు ఆ పని చేస్తున్నా, కొత్తగా చేరినవారికి నేను ముందు గొట్టం వంచే పద్ధతే నేర్పిస్తాను.

ఈ పరీక్షను ఆర్మండ్ క్విక్ 1935లో ప్రవేశపెట్టాడు. కుందేలు మెదడు నుంచి తీసిన త్రాంబోప్లాస్టిన్ చాలాకాలం నడిచింది. ఇప్పుడు ప్రయోగశాలలో తయారుచేసిన మనిషి టిష్యూ ఫ్యాక్టర్ కూడా దొరుకుతోంది. సీసా మారితే సెకన్లు మారతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐ.ఎన్.ఆర్. లెక్కను ముందుకు తెచ్చింది: రోగి సెకన్లను సాధారణ సెకన్లతో భాగించి, ఆ సీసాకు ఉన్న ఐ.ఎస్.ఐ. అనే అంకెను ఘాతంగా వేస్తే, ఏ ఊళ్లో చేసినా ఇంచుమించు ఒకే విలువ రావాలి. కొత్త పెట్టె తెరిచినప్పుడు దాని మీది ఐ.ఎస్.ఐ.ని యంత్రంలో మార్చకపోతే మాత్రం ఈ లెక్కంతా దండగ. కీళ్లవాత జ్వరంవల్ల కవాటం పాడై, లోహపు కవాటం పెట్టించుకుని, గడ్డ కట్టకుండా అసిట్రాం బిళ్లలు వాడేవారికి ఆ ఒక్క అంకె మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందుకే ల్యాబులో ధర ఎంత అని అడిగేవాళ్లు, ఐ.ఎస్.ఐ. ఎంత అని కూడా అడిగితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అసిట్రాం రక్తాన్ని పలచబరచదు. విటమిన్ కె పనిని అడ్డుకుని, కాలేయం తయారుచేసే రెండు, ఏడు, తొమ్మిది, పది ఫ్యాక్టర్లు అసంపూర్తిగా బయటికి వచ్చేలా చేస్తుంది. వాటిలో ఏడోదాని ఆయువు మరీ తక్కువ, సగం తగ్గడానికి ఆరు గంటలు చాలు. ప్రోత్రాంబిన్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. అందువల్ల బిళ్ల మొదలుపెట్టిన కొత్తలో ఐ.ఎన్.ఆర్. పెరిగినట్టు కనబడినా రక్షణ ఇంకా పూర్తిగా రానట్టే, కొన్ని రోజులు గడ్డను అడ్డుకునే హెపారిన్ ఇంజెక్షన్లు కూడా నడపాలి. గుంటూరు మనిషిని గోంగూర పూర్తిగా మానెయ్యమనడం నాకెప్పుడూ సబబుగా తోచలేదు. వారమంతా ఆకుకూర ముట్టకుండా ఉండి, ఆదివారం కరువుతీరా తినడమే అంకెను ఎగుడుదిగుడు చేస్తుంది. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే దానికి తగినట్టు డాక్టరు బిళ్లను సరిచేస్తారు.

గుండెపోటు దగ్గర కూడా మన సంభాషణ అంతా అంకెల మీదే: రెండు బ్లాకులు, ఒకటి 70 శాతం, ఒకటి 40 శాతం. 70 ఉన్నవాడు తిరుగుతున్నాడు, 40 ఉన్నవాడికి ఉన్నట్టుండి గుండెపోటు వచ్చింది, ఇదేం లెక్క అని అడుగుతారు. ధమని గోడలో పేరుకున్న కొవ్వు ముద్ద నడిమి గుజ్జులో టిష్యూ ఫ్యాక్టర్ పుష్కలంగా ఉంటుందని 1989లోనే తేలింది. కొవ్వును మింగి చచ్చిన కణాలే దాన్ని అక్కడ వదిలిపోతాయి. రక్తానికీ ఆ గుజ్జుకూ మధ్య ఒక పీచు పొర మూతలా ఉంటుంది. దారి ఎంత ఇరుకైందన్నది ఒక ప్రశ్న, మూత ఎంత పలచగా ఉందన్నది మరో ప్రశ్న. సగం కూడా మూసుకోని చోట మూత చిట్లితే, రక్తం ఆ గుజ్జును తాకి, తెగిన వేలి మీద కట్టాల్సిన గడ్డను గుండె ధమనిలో కడుతుంది. రక్తం తప్పేమీ చేయలేదు, తనకు తెలిసిన పనే చేసింది. పొగతాగడం మానడానికీ, స్టాటిన్ బిళ్లలు ఆపకుండా వాడడానికీ ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది; ఆ గుజ్జును తగ్గించి మూతను గట్టిపరిచే పని స్టెంటు ఒక్కదానివల్ల కాదు, అది ఉన్న చోటు తప్ప మిగతా ధమని అంతా దాని పరిధిలోకి రాదు.

సెప్సిస్‌లో జరిగేది ఇంకా చిత్రం. అక్కడ గోడ కూలనక్కరలేదు. బ్యాక్టీరియా విషం తగిలితే రక్తంలో తిరిగే మోనోసైట్ కణాలే తమ మీద టిష్యూ ఫ్యాక్టర్‌ను మొలిపించుకుంటాయి. ఒళ్లంతా సన్న నాళాల్లో గడ్డలు, సరుకు అయిపోయాక ఎక్కడ పడితే అక్కడ రక్తస్రావం. మాయ ముందుగా ఊడిన గర్భిణిలో కూడా, మాయలోని టిష్యూ ఫ్యాక్టర్ రక్తంలోకి దూరి ఇదే ఉపద్రవం తెస్తుంది. అలాంటప్పుడు దాన్ని అడ్డుకుంటే సరిపోదా? 1990ల ఆరంభంలో బబూన్ కోతుల్లో అడ్డుకున్నారు, బతికాయి. దాంతో ఒంట్లో సహజంగా ఉండే నిరోధకం టి.ఎఫ్.పి.ఐ.ని మందుగా తయారుచేసి తీవ్రమైన సెప్సిస్ రోగులకు ఇచ్చారు. 2003లో వచ్చిన ఫలితం: మందు తీసుకున్నవారిలో 34.2 శాతం, తీసుకోనివారిలో 33.9 శాతం మరణాలు. పైగా మందు వాడినవారిలో రక్తస్రావాలు కాస్త ఎక్కువ. నా వాదనకు ఇది ఎదురుదెబ్బలా కనబడవచ్చు, కానీ నేను దీన్ని మరోలా చదువుతాను. సూక్ష్మజీవిని ఉన్న చోటే బంధించడానికి కూడా ఒళ్లు ఆ గడ్డనే వాడుకుంటుంది. తప్పు చోట కనబడిన టిష్యూ ఫ్యాక్టర్‌ను మాత్రమే ఆపి, సరైన చోట ఉన్నదాన్ని వదిలిపెట్టే మందు కావాలి. మొత్తాన్ని ఒకేసారి కట్టడి చేసే మందు కాదు.

కోవిడ్ రెండో విడతలో డి-డైమర్ పరీక్షకు ల్యాబుల ముందు కట్టిన వరుసలు మన ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. డి-డైమర్ అంటే కట్టిన ఫైబ్రిన్ వల కరిగినప్పుడు మిగిలే తునక. వయసు మీదపడినా, గర్భంతో ఉన్నా, ఆపరేషను జరిగినా, ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా అది పెరుగుతుంది. ఎక్కడో గడ్డ కట్టి కరుగుతోందని చెప్పగలదే గానీ, ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పలేదు. ఆ ఒక్క కాగితం చూసి సొంతంగా మందుల షాపులో బిళ్లలు కొని నెలల తరబడి మింగినవారున్నారు. వారిలో కడుపులో నెత్తురు కారి తిరిగి ఆసుపత్రిలో చేరినవారూ ఉన్నారు.

క్యాన్సరు సంగతి పెద్దది, క్లుప్తంగా చెబుతాను. కారణం తెలియకుండా పదేపదే కాళ్ల సిరల్లో గడ్డలు వస్తే లోపల ఎక్కడో క్యాన్సరు ఉండవచ్చని 1865లో ఫ్రెంచి వైద్యుడు ట్రూసో చెప్పాడు. తరవాత తన ఒంట్లోనే ఆ గుర్తు చూసుకుని, 1867లో కడుపు క్యాన్సరుతో చనిపోయాడు. చాలా కణితులు, ముఖ్యంగా క్లోమానివి, టిష్యూ ఫ్యాక్టర్‌ను తమ మీద మోయడమే కాక చిన్న బుడగల రూపంలో రక్తంలోకి వదులుతాయి. దాన్నే గురిగా చేసుకుని, యాంటీబాడీకి కణాన్ని చంపే మందు తగిలించిన టిసోటుమాబ్ వెడోటిన్‌కు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కోసం 2021లో అమెరికా అనుమతి వచ్చింది.

హీమోఫీలియా పిల్లలకు మోకాళ్లలోనూ మోచేతుల్లోనూ నెత్తురు ఎందుకు దిగుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు చోటులోనే ఉంది. టిష్యూ ఫ్యాక్టర్ మొదలుపెట్టిన పనిని టి.ఎఫ్.పి.ఐ. త్వరగానే ఆపేస్తుంది, తరవాతి భారమంతా ఎనిమిది, తొమ్మిది ఫ్యాక్టర్ల మీద పడుతుంది. కీళ్లలోనూ కండరాల్లోనూ టిష్యూ ఫ్యాక్టర్ పుట్టుకతోనే తక్కువ కాబట్టి, ఆ రెండింటిలో ఒకటి లేని పిల్లవాడికి అక్కడ వేరే దిక్కు లేదు. అందుకే లేనిదాన్ని ఎక్కించడానికి బదులు టి.ఎఫ్.పి.ఐ. నోరు నొక్కే మందులు వచ్చాయి. మార్‌స్టాసిమాబ్, కాన్‌సిజుమాబ్ రెండింటికీ 2024లో అమెరికాలో అనుమతి దొరికింది.

నాతో వాదించే మిత్రులు పదకొండో ఫ్యాక్టరు సంగతి ఎత్తుతారు. పుట్టుకతో అది తక్కువగా ఉన్నవారికి రక్తస్రావం పెద్దగా ఉండదు, గడ్డల జబ్బులు తక్కువ. కాబట్టి ఆ అంతర్గత మార్గాన్ని మూస్తే గడ్డ ఆగుతుంది, నెత్తురు కారదు అని ఆశ. ఆశలో న్యాయముంది. అయితే గుండె లయ తప్పినవారి మీద అసుండెక్సియన్ అనే అలాంటి మందుతో చేసిన పెద్ద పరీక్షను, పాత మందు అపిక్సబాన్ కంటే తక్కువగా పనిచేస్తోందని 2023లో మధ్యలోనే ఆపేశారు. ఆ దారి మూసుకుపోలేదు, ఇతర జబ్బుల్లో పరీక్షలు సాగుతున్నాయి. పదకొండోది ముఖ్యమే, కానీ దాన్ని ఎక్కువగా లేపేది టిష్యూ ఫ్యాక్టర్ పుట్టించిన త్రాంబినే.

ఇంత చెప్పాక, టిష్యూ ఫ్యాక్టర్‌కు రక్తపరీక్ష రాయించుకోవచ్చా అని అడిగేవారుంటారు. వద్దు. ఉండాల్సింది రక్తంలో కాదు గనక రక్తంలో దాన్ని కొలవడం కష్టం. పరిశోధనలో వాడే పద్ధతులు రోజువారీ ల్యాబుకు దిగిరాలేదు. పైగా శాంపిల్ తీసే సూదే దాన్ని లోపలికి తెస్తుంది. సిర దొరక్క సూదిని చర్మం కింద అటూ ఇటూ తిప్పి వెతికితే, కణజాలపు రసం గొట్టంలోకి చేరి, పరీక్ష మొదలుకాకముందే ప్లాస్మాలో సన్న గడ్డలు పడతాయి, అంకెలు అబద్ధం చెబుతాయి. మొదటి గొట్టం పారబోసి రెండోది వాడాలని పూర్వం నియమం ఉండేది, మామూలు పి.టి.కి దానివల్ల పెద్ద తేడా లేదని తరవాత తేలింది. సూది తిప్పి వెతకడం విషయంలో మాత్రం మా ల్యాబులో మినహాయింపు లేదు: ఒక్క పోటుకు సిర దొరకకపోతే సూది బయటికి తీసి, రెండో చెయ్యి చూడాలి, అప్పటిదాకా గొట్టంలో పడిన రక్తాన్ని పారబోయాలి.